ముప్పావు సాక్ష్యం

మా రాయ్‌పూర్ తెలుగు చర్చిలో సాక్ష్యాలన్నీ ఒకే దారిలో నడుస్తాయి. మనిషికి జబ్బు చేసింది, డాక్టర్లు పెదవి విరిచారు, అందరూ ప్రార్థన చేశారు, జబ్బు పోయింది, రండి భోంచేద్దాం. ఎవరికైనా నయమైతే ఆ ఇంట్లో కృతజ్ఞత కూటం పెడతారు. నయమైన మనిషి లేచి నిలబడి ఎలా నయమైందో అందరికీ చెప్పాలి. దాన్నే సాక్ష్యం అంటారు. ఆ తర్వాత బిర్యానీ. మా పెద్దవాళ్ళు కోస్తా నుంచి రైల్వే ఉద్యోగాలకీ నర్సు ఉద్యోగాలకీ ఇక్కడికి వచ్చినప్పుడు పాటల పుస్తకాలతో పాటు పెట్టెలో పెట్టుకుని తెచ్చుకున్న పద్ధతి ఇది.

ఇందులో సగం నయమైనవాళ్ళకి చోటు లేదు. నేను ముప్పావు వంతు నయమైన మనిషిని. నా సాక్ష్యం గురించి పదేళ్ళుగా రెండు కథలు తిరుగుతున్నాయి. పక్క ఊరు మందిర్ హసౌద్ దాకా పోయిన కథలో నేను మాట్లాడుతూ మాట్లాడుతూ స్పృహ తప్పి పడిపోయాను. అభన్‌పూర్ వైపు పోయిన కథలో అందరూ చూస్తుండగా నా మూతి గడియారం ముల్లులా తిరిగి మధ్యకి వచ్చి ఆగింది. రెండూ అబద్ధమే. జరిగింది జరిగినట్టు ఎవరో ఒకరు రాసిపెట్టకపోతే రేపు నా మనవలు రెండోదాన్నే నమ్ముతారు, వినడానికి అదే బాగుంటుంది కాబట్టి. అందుకని కూర్చుని రాస్తున్నాను.

నేను పెళ్ళయి తెనాలి దగ్గర నుంచి ఇక్కడి రైల్వే కాలనీకి వచ్చేటప్పటికి నా చదువు పదో తరగతి. కాలనీ ఇన్‌స్టిట్యూట్‌లో కేరమ్ బోర్డు గది వెనక ఒక లైబ్రరీ ఉండేది. అందులో ఒకే ఒక్క తెలుగు బీరువా. దాన్ని నాలుగేళ్ళలో ఖాళీ చేశాను. పశువుల జబ్బుల మీద ఉన్న పుస్తకం కూడా వదల్లేదు. మా ఇంట్లో కోడి కూడా లేదు. తర్వాత పిల్లల వాచకాలు పట్టుకుని హిందీ నేర్చుకుని, హిందీ బీరువాల మీద పడ్డాను. అప్పటి నుంచి ఎవరేం మాట్లాడుతున్నా "దీని గురించి ఒక పుస్తకంలో ఉంది" అనడం నాకు అలవాటైంది. పప్పు మాడినా నా దగ్గర ఒక పుస్తకం ఉండేది.

మా అత్తయ్య ముప్పై ఏళ్ళు వార్డుల్లో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యారు. ఆవిడకి పుస్తకాల మీద కోపమేమీ లేదు. చదివొచ్చి తనకి పాఠం చెప్పేవాళ్ళ మీదే. ఇంట్లో అలాంటిదాన్ని నేనొక్కదాన్నే.

పదేళ్ళ కిందట, జనవరిలో ఒక పొద్దున్న, పళ్ళు తోముకుని నోరు పుక్కిలిస్తుంటే నీళ్ళు కుడిపక్క నుంచి వాటంతట అవే కారిపోయాయి. మళ్ళీ పోసుకున్నాను, మళ్ళీ కారాయి. తప్పు చెంబుదనుకుని లోపలికెళ్ళి గ్లాసు తెచ్చుకున్నాను. అత్తయ్య వరండాలో కూర్చుని ఇదంతా చూసి, చేతిలో టీ కింద పెట్టారు.

"ఇటు తిరుగు. కనుబొమలు ఎత్తు."

ఎత్తాను.

"రెండూ ఎత్తమన్నా."

"రెండూ ఎత్తానత్తయ్యా."

"ఒకటే లేచింది. ఈలెయ్యి."

"పొద్దున్నే ఈలేంటత్తయ్యా, ఎవరైనా వింటే."

"వినేంత వస్తే కదా. వెయ్యి."

ఈల రాలేదు. గాలి వచ్చింది, కాస్త తుంపర కూడా. ఆవిడ చీర కొంగుతో తన చెయ్యి తుడుచుకుని, "మంచి చీర కట్టుకో, ఆసుపత్రికి పోదాం. ముఖం నరం పట్టేసింది" అన్నారు.

డాక్టరు కూడా అదే చెప్పాడు, కాకపోతే ఇంకాస్త పొడుగ్గా. ముఖానికి వెళ్ళే నరం వాచింది, మాత్రలు వాడాలి, కుడికన్ను పూర్తిగా మూసుకోవడం లేదు కాబట్టి చుక్కలు వేసుకోవాలి, బుగ్గలకి వ్యాయామం చెయ్యాలి. "చాలామందికి కొన్ని వారాల్లో పూర్తిగా తగ్గిపోతుంది. కొందరికి కొంచెం మిగిలిపోతుంది" అన్నాడు. నేను మొదటి వాక్యాన్ని ఇంటికి తెచ్చుకున్నాను. రెండోదాన్ని ఆయన బల్ల మీదే వదిలేసి వచ్చాను.

పక్క క్వార్టరులోని ఛత్తీస్‌గఢీ ఆవిడ వచ్చి నా గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "హవా లగ్ గే హే బహినీ, చింతా ఝన్ కర్" అంది. గాలి తగిలింది చెల్లీ, దిగులు పడొద్దు అని. నేను దిగులు పడకుండా అభన్‌పూర్‌లోని తన పుట్టింటి నుంచి అడవి పావురం తెప్పించి పులుసు కాచి తెచ్చింది. పక్షవాతానికి అదే మందట. ఇది పక్షవాతం కాదనీ, పావురానికీ నరానికీ సంబంధం లేదనీ నేను చదివినవన్నీ వల్లించాను. ఆవిడ ఓపిగ్గా విని, గిన్నె అక్కడే పెట్టి వెళ్ళిపోయింది. పులుసు అత్తయ్య తాగారు. "వేడిగా ఉంది, పారబోస్తామా" అన్నారు.

ఇప్పటి వరకూ నవ్వుతూ రాశాను గానీ, ఆ రోజుల్లో నాకు నవ్వు రాలేదు. వచ్చినా సగమే వచ్చేది, అదే బాధ. చర్చిలో ఆదివారం బైబిల్ వాక్యం చదివేది నేను. మా పిల్లల తరం ఇంట్లో తెలుగు మాట్లాడతారు కానీ చదవలేరు, పాటలు కూడా హిందీ అక్షరాల్లో రాసుకుని పాడతారు. తెలుగు తడబడకుండా చదవగలిగినవాళ్ళం నలుగురం మిగిలాం. ఆ నలుగురిలో గొంతున్నది నాకే. ఇది నా అభిప్రాయం, మిగతా ముగ్గురినీ అడగలేదు. డిగ్రీలున్నవాళ్ళ ముందు, ఆఫీసర్ల భార్యల ముందు, పదో తరగతి మనిషిని నేను తలెత్తుకుని నిలబడేది ఆ చదివే బల్ల దగ్గర ఒక్కచోటే. ఇప్పుడు 'ప' అన్నా 'బ' అన్నా పెదవులు కలవక పక్క నుంచి గాలి పోతోంది. ఆదివారం ఇంట్లోనే ఉండిపోయాను. తర్వాతి ఆదివారం కూడా. పాలవాడితో కూడా కొంగు అడ్డం పెట్టుకుని మాట్లాడాను. మళ్ళీ ఆ బల్ల ముందు నిలబడగలనా అన్నదొక్కటే నా భయం. మిగతా భయాలన్నీ దాని పిల్లలే.

అప్పుడు లైబ్రరీకి వెళ్ళాను. ముఖానికి స్కార్ఫు చుట్టుకుని వెళ్ళాను, రాయ్‌పూర్‌లో ఎండకీ దుమ్ముకీ ఆడవాళ్ళు ఎలాగూ చుట్టుకుంటారు కాబట్టి ఎవరూ అడగలేదు. హిందీ బీరువా అడుగు అరలో అట్ట లేని పుస్తకం ఒకటి దొరికింది. రాసినవాళ్ళ పేరున్న పేజీ కూడా లేదు. మనసుకీ శరీరానికీ తగిలిన దెబ్బల నుంచి తేరుకోవడం, పడి లేవడం, మనం ఎలా ఉన్నామో అలా మనల్ని ఒప్పుకోవడం, ఇదీ విషయం. రెండో అధ్యాయంలోనే ఒక సాధన ఉంది. రోజూ పొద్దున్న అద్దం ముందు నిలబడి, బాధలో ఉన్న అవయవంతో ప్రేమగా మాట్లాడాలి. నలభై రోజులు.

నలభై అన్న అంకె చూడగానే నాకు ఇంకో రుజువు అక్కర్లేకపోయింది. ఈస్టరుకి ముందు శ్రమల కాలంలో మా ఉపవాసాలు కూడా నలభై రోజులే కదా. ఆ సాయంత్రమే మా పాస్టరు అయ్యగారి భార్య, మేమందరం అమ్మగారు అని పిలిచే ఆవిడ, ఫోన్ చేశారు.

"ఎలా ఉందమ్మా? రెండు వారాల్నించీ కనపడ్డంలేదు."

"నలభై రోజుల్లో పూర్తిగా తగ్గిపోతుందండీ."

"డాక్టరు గారు చెప్పారా?"

"డాక్టరు కొన్ని వారాలన్నాడండీ. నలభై అని నేను చదివి తెలుసుకున్నాను."

"నమ్మకంగా చెబుతున్నావా?"

"రాసిస్తానండీ."

అంత నమ్మకాన్ని వృథా పోనివ్వడం ఆవిడకి ఇష్టం లేకపోయింది. ఆ తర్వాతి ఆదివారమే అయ్యగారు ప్రకటనల్లో మా ఇంట్లో కృతజ్ఞత కూటం ఫలానా శనివారం సాయంత్రం అని చదివేశారు. లెక్కేస్తే సరిగ్గా నలభై రెండో రోజు. మా ఆయన చర్చి నుంచి వచ్చి చెప్పులు విప్పుతూ, "నీకు నయమైందట. వంటవాడికి చెప్పాలి" అన్నారు.

మా దగ్గర ఒకసారి చర్చిలో ప్రకటించింది రైలు టైమ్‌టేబుల్ కన్నా గట్టిది. రైలైనా లేటవుతుంది. ఇక సాక్ష్యం ఒకసారి చెప్పాక వెనక్కి తీసుకోవడం అసలు లేదు. ఇది అర్థం కావాలంటే భన్‌పురి ఆంటీ సంగతి చెప్పాలి. భన్‌పురిలో లారీ షెడ్ల పక్కన ఉండే పెద్దావిడ. అప్పటికి ఆరేడేళ్ళ ముందు ఆవిడ మోకాళ్ళ నొప్పులు తగ్గాయని కృతజ్ఞత కూటం పెట్టి, సాక్ష్యం చెప్పి, అందరి ముందూ చేతికర్ర పక్కన పెట్టేసింది. మేం చప్పట్లు కొట్టాం. మూడు నెలలకి నొప్పులు తిరిగి వచ్చాయి. కర్ర తిరిగి రాలేదు. కర్ర పట్టుకుంటే సాక్ష్యం తప్పయిపోతుంది. అందుకని ఆవిడ ఆరేడేళ్ళుగా ప్రతి ఆదివారం, ప్రతి పాటకీ లేచి, కిటికీ ఊచ పట్టుకుని నిలబడుతుంది. అందరికీ కనిపిస్తుంది. ఎవరూ కుర్చీ జరపరు, జరిపితే ఆవిడ్ని అవమానించినట్టని. నేనూ జరపలేదు. బల్ల దగ్గర నుంచి చదువుతూ చూసేదాన్ని. దీని గురించి కూడా ఏదో పుస్తకంలో ఉండే ఉంటుందనుకునేదాన్ని.

సాధన మొదలుపెట్టాను. మా ఇంట్లో అద్దం ఒకటే, అది వరండాలో చేతులు కడుక్కునే చోట ఉంది. పుస్తకం హిందీలో ఉంది కాబట్టి హిందీలోనే నా బుగ్గతో, నువ్వు చాలా అందంగా ఉన్నావు, నువ్వంటే నాకు ప్రేమ అని చెప్పేదాన్ని. మూడో రోజు అత్తయ్య బియ్యం ఏరుతూ అన్నారు.

"ఆ బుగ్గ తెనాల్లో పుట్టింది. దానికి హిందీ ఏం తెలుసు?"

"ఇక్కడికొచ్చి పాతికేళ్ళయింది కదత్తయ్యా, నేర్చుకునే ఉంటుంది."

"నేర్చుకుంటే మాట వినేది. ఇటు రా, ముందు నూనె రాయనీ. నీ ప్రేమ తర్వాత చెప్పుకుందువు."

రోజుకి రెండు పూటలు ఆవిడ బొటనవేళ్ళతో నా బుగ్గ దవడ దగ్గర నుంచి కణత దాకా రుద్దేవారు. గట్టిగా కాదు, కానీ తప్పించుకునే వీలు లేకుండా. తర్వాత బెలూన్లు ఊదమనేవారు. పెదవుల పక్క నుంచి గాలి పోకుండా ఊదడం అలవాటైతే బలం వస్తుందని. మొదటి వారం ఒక్కటీ లేవలేదు. మూడో వారానికి నిమ్మకాయంత లేచింది. నాలుగో వారంలో ఒక పొద్దున్న తొమ్మిది ఊదాను. గర్వం పట్టలేక వాటిని వరండా తీగకి వరసగా కట్టాను. పదింటికల్లా పక్కింటావిడ గిన్నెలో ఖీర్ పట్టుకుని వచ్చింది. వెనకాల ఇంకో ఇద్దరు. పుట్టినరోజు ఎవరిదని అడిగారు.

అత్తయ్య తల ఎత్తకుండా, "బుగ్గది" అన్నారు హిందీలో. "ఇవాళే పుట్టింది."

ముప్పై ఎనిమిదో రోజు లెక్క చూసుకున్నాను. కన్ను మూసుకుంటోంది. నీళ్ళు నోట్లో ఆగుతున్నాయి. 'ప', 'బ' దాదాపు వచ్చాయి. కానీ నవ్వితే ముఖం ఎడమపక్కకి పరిగెత్తేది, కుడిపక్క ఇంటి దగ్గరే ఉండిపోయేది. కూటానికి నాలుగు రోజులుంది. ఆ నాలుగు రోజుల్లో నా బుగ్గని హిందీలో, తెలుగులో, చివరికి బతిమాలే గొంతుతో కూడా అడిగాను. కదల్లేదు.

"వాయిదా వేద్దామండీ" అన్నాను మా ఆయనతో.

"మందిర్ హసౌద్ నుంచి చెల్లెలు వాళ్ళు బయల్దేరుతున్నారు. వంటవాడు మాంసానికి చెప్పేశాడు. ఏమని వాయిదా వెయ్యను?"

"ఇంకా తగ్గలేదని."

ఆయన నా ముఖం వైపు చూశారు. "నా కంటికైతే చాలా తగ్గింది. కానీ రాసిస్తానన్నది నువ్వు."

అప్పుడు నా లైబ్రరీ బుర్రకి ఒక ఉపాయం తట్టింది. కుడిపక్కని ఎడమపక్కతో సమానం చెయ్యలేకపోతే, ఎడమపక్కని కుడిపక్కతో సమానం చెయ్యొచ్చు కదా. బాగున్న బుగ్గని కదలకుండా బిగించడం నాలుగు రోజులు అద్దం ముందు అభ్యాసం చేశాను. నువ్వు అందంగా ఉన్నావని చెప్పిన అద్దం ముందే, నోరు మూసుకుని ఉండమని మంచి బుగ్గకి చెప్పాను. వచ్చింది. రెండు పక్కలూ సమానమయ్యాయి. పాస్‌పోర్టు ఫొటోలో మనిషిలా ఉన్నాను.

శనివారం సాయంత్రం మా క్వార్టరు ముందు డెబ్భై మంది చేరారు. ముందు పాట, అందరూ లేచారు. నేను పాస్‌పోర్టు ముఖంతో వరండా మెట్టు మీద నిలబడి ఉన్నాను. పాట రెండో చరణంలో భన్‌పురి ఆంటీ కనిపించింది. ఇక్కడ కిటికీ ఊచ లేదు. వరండా స్తంభాన్ని చేత్తో పట్టుకుని, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి మారుతోంది. ముఖం నా ముఖం లాగే ఉంది. ఏ పక్కా కదలకుండా బిగించి ఉంది.

అయ్యగారు నా పేరు పిలిచారు. నా చేతిలో రెండు పేజీల సాక్ష్యం ఉంది, లైబ్రరీ పుస్తకంలోంచి తీసుకున్న మంచి మాటలతో సహా. మొదటి వాక్యం చదివాను. "దేవుని కృప వల్ల నేను సంపూర్ణంగా స్వస్థత పొందాను."

"స్తోత్రం" అన్నారు అందరూ. భన్‌పురి ఆంటీ కూడా అంది. అందరికన్నా గట్టిగా అంది.

రెండో వాక్యం కాగితం మీద ఉంది. చదవలేకపోయాను. ఈ మాట ఇక్కడితో అయిపోదని తెలిసింది. రేపటి నుంచి ప్రతి ఆదివారం, ప్రతి పెళ్ళిలో, ప్రతి ఫొటోలో ఈ ముఖాన్ని బిగించి పట్టుకోవాలి. నవ్వకూడదు. నాకు పట్టుకోవడానికి ఊచ కూడా ఉండదు.

"అయ్యగారూ, నేనిప్పుడు చెప్పింది తప్పండీ" అన్నాను. "ముప్పావు వంతే తగ్గింది. మిగతా పావు ఇలా ఉంది."

అని నవ్వాను. పూర్తిగా, ఎడమపక్కకి ఎంత పోతుందో అంతా పోనిచ్చి.

స్తోత్రం అనాలో అనకూడదో ఎవరికీ తెలియలేదు, అలాంటి చోట అనే అలవాటు లేదు. ముందు మా ఆడపడుచు అంది. "వదినా, అయితే ఫొటోల్లో నీకు ఎడంపక్క నేను నిలబడతాలే. నువ్వు నన్ను చూసి నవ్వినట్టుంటుంది."

"ముప్పావు స్వస్థతకి ముప్పావు బిర్యానీ వండించాల్సింది" అన్నారు అత్తయ్య కుర్చీలోంచి. "దండగ."

అప్పుడు నవ్వారు. అయ్యగారు కూడా నవ్వి, కాసేపు గడ్డం రుద్దుకుని, "తగ్గినదానికి స్తోత్రం చేద్దాం. తగ్గనిదానికి ప్రార్థన చేద్దాం. కూర్చోమ్మా" అన్నారు. ఆయన అంత చిన్న ప్రసంగం చెయ్యడం అదే మొదలు, అదే ఆఖరు.

చివరి పాటకి అందరూ లేచారు. భన్‌పురి ఆంటీ స్తంభం వదిలి, మా ఆయన్ని పిలిచి, "బాబూ, ఆ కుర్చీ ఇటు వెయ్యి" అంది. వేశారు. కూర్చుంది. కూర్చునే పాడింది. చాలా బాగా పాడుతుందని అప్పుడే తెలిసింది, అన్నాళ్ళూ నిలబడటానికే ఊపిరంతా అయిపోయేదేమో. రెండో చరణానికి మా కాలనీలోని రిటైర్డ్ రైల్వే గార్డు అంకుల్ కూడా కూర్చున్నారు. ఆయనకేం జబ్బో మాకెవరికీ తెలియదు. ఆయన ఎప్పుడూ సాక్ష్యం చెప్పలేదు.

మర్నాడు ఆదివారం బల్ల దగ్గర నిలబడి వాక్యం చదివాను. 'ప' దగ్గర రెండుసార్లు గాలి పోయింది. ఎవరైనా విన్నారేమో నాకు తెలియదు, నేను పుస్తకంలోకి చూస్తున్నాను.

సోమవారం ఆ అట్ట లేని పుస్తకం తిరిగి ఇవ్వడానికి వెళుతూ, దారిలో ఒకసారి తిరగేశాను. అప్పుడు తెలిసింది, సాధన దొరగ్గానే నేను చదవడం ఆపేశానని. ఆరు అధ్యాయాలు మిగిలిపోయాయి. పశువుల జబ్బులు ఆఖరి పేజీ దాకా చదివినదాన్ని, నాకు పనికొచ్చే పుస్తకాన్ని రెండో అధ్యాయంలో వదిలేశాను. ఇన్‌స్టిట్యూట్ మెట్ల మీద కూర్చుని చివరి అధ్యాయం చదివాను. నలభై రోజుల్లో శరీరం మారుతుందని ఆ పుస్తకంలో ఎక్కడా లేదు. అద్దానికి భయపడటం కొంచెం తగ్గవచ్చు, తగ్గకపోతే ఇంకో నలభై రోజులు చెయ్యండి అని మాత్రం ఉంది. ఈ సంగతి అత్తయ్యకి ఇప్పటి దాకా చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది.

ఇలాంటివి రాసేవాళ్ళు చివర్లో పేరు పేరునా కృతజ్ఞతలు చెబుతారు. పేర్లు రాస్తే ఇంట్లో ఉండనివ్వనని అత్తయ్య షరతు పెట్టారు కాబట్టి, ఎవరు ఎవరో వాళ్ళకి తెలిసేలా రాస్తాను. బొటనవేళ్ళకి ఎనభై దాటినా బలం తగ్గని మా అత్తయ్యకి. బాగా లేనప్పుడు బాగుందని ఒక్కసారి కూడా అనని మా ఆయనకి. ప్రతి ఫొటోలో ఇచ్చిన మాట నిలబెట్టుకున్న ఆడపడుచుకి. నేను తాగని పావురం పులుసే నన్ను బాగుచేసిందని ఇవాళ్టికీ అభన్‌పూర్‌లో చెబుతున్న పక్కింటి బహినీకి. రెండో వాక్యం కూడా చెప్పిన డాక్టరుకి. ముప్పావు వంతుకి స్తోత్రం చేయించిన అయ్యగారికి, నా నమ్మకాన్ని నాకన్నా ముందు నమ్మిన అమ్మగారికి. ఆ తర్వాతి ఆదివారం చేతికర్ర టకటకలాడించుకుంటూ, సగం పాటయ్యాక, అందరూ తిరిగి చూసేలా చర్చిలోకి నడిచి వచ్చిన భన్‌పురి ఆంటీకి.